పాట లేకుండా ఒక్కడినే సాక్సోఫోన్ వాయించాలంటే ఎట్లా? వేళ్ళు మళ్ళీ బరాత్‌లోకే పోతున్నాయి

ఆల్టో_హన్మకొండ:

అందరికీ నమస్తే. మా చిన్నాయన బ్యాండు మేళంలో ఏడేళ్ళుగా ఆల్టో సాక్సోఫోన్ వాయిస్తున్నా. నొటేషన్ చదవడం రాదు, విని పట్టుకోవడమే. ఎదుర్కోళ్ళకు ఏది, జీలకర్ర బెల్లానికి ఏది, అప్పగింతలప్పుడు ఏది వాయిస్తే ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకుంటారు, ఇవన్నీ నాకంటే నా వేళ్ళకే బాగా తెలుసు.

ఇప్పుడు మూఢం, పెళ్ళిళ్ళు లేవు. ఖాళీగా ఫోన్ చూస్తుంటే ఇవాన్ పార్కర్ అనే ఇంగ్లండ్ ఆయన వీడియో తగిలింది. ఒక్కడే నిలబడి సొప్రానో సాక్సు వాయిస్తున్నాడు. డ్రమ్ము లేదు, శ్రుతిపెట్టె లేదు, అసలు పాటే లేదు. మొదటి నిమిషం ఆయన సాక్సులో ప్యాడ్ లీకవుతోందేమో అనుకున్నా, నిజంగా. తర్వాత చూస్తే ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో అంతుపట్టలేదు, ఒక్క గొట్టంలోంచి మూడు గొంతులు వస్తున్నట్టుంది, కింద ఒకటి గొణుగుతుంటే పైన రెండు పిచ్చుకల్లా కొట్లాడుకుంటున్నాయి. అయిపోయేదాకా లేవలేదు.

మర్నాడు డాబా ఎక్కి నేనూ మొదలుపెట్టా, టైమర్ పెట్టుకుని మరీ. నాలుగు నిమిషాలు! అంతే. మూడో నిమిషానికే వేళ్ళు బరాత్ పాటలోకి పోయాయి. అది కాదని పక్కకు లాగితే మా బాపు క్యాసెట్లలో విన్న కద్రి గోపాల్‌నాథ్ గారి హంసధ్వని రాగం ముక్క వచ్చింది. అదీ వద్దనుకుంటే మిగిలింది సరళీ స్వరాలు. నా దగ్గర ఉన్నవి ఈ మూడు అరలే అన్నమాట.

అడిగేది ఏందంటే, ఇట్లా వాయించేవాళ్ళు ఏం ఆలోచించుకుని వాయిస్తారు? ముందే ఏమైనా అనుకుంటారా? విన్నవన్నీ మర్చిపోవాలా? మర్చిపోవడం ఎట్లా? ఇంకోటి, చిన్నాయన కింద నుంచి విని "రీడు (ఊదే చోట పెట్టే రెల్లు ముక్క) మార్చుకోరా" అన్నాడు, అది వేరే సంగతి.

సన్నాయి_మనవడు:

తమ్మీ, మీ చిన్నాయన మాట నవ్వులాటకు తీసుకోకు, రీడు సంగతి నిజంగానే చూడు. బరాత్‌లో ట్రంపెట్లూ డ్రమ్ముల మధ్య వినబడాలని మనోళ్ళు గట్టి రీడు పెట్టి బిగబట్టి ఊదుతారు. నువ్వు చేద్దామనుకునే పనికి పెదవి వదులుగా ఉండాలి. రెండున్నర నంబరు రీడుతో కొన్నాళ్ళు ఊది చూడు.

మాది జనగామ వైపు. మా తాత సన్నాయి. నేను నేర్చుకోలేదు, డిగ్రీ చదివి బ్యాంకులో పడ్డా, కాబట్టి చెప్పేది ఆయన పక్కన కూర్చుని చూసిందే. ఊపిరి తెగకుండా ఊదడం ఇంగ్లండ్ వాళ్ళ కనికట్టేం కాదు. సన్నాయి మేళంలో ఒత్తు పట్టేవాళ్ళు, అంటే ఆగకుండా ఒకే శ్రుతి ఊదేవాళ్ళు, చేసేది అదే, పాములోళ్ళు నాగస్వరం ఊదేదీ అట్లానే. దవడల్లో గాలి నింపి, దాన్ని బుగ్గలతో బయటికి నెడుతున్నప్పుడే ముక్కుతో లోపలికి పీల్చాలి. ముందు సాక్సు ముట్టుకోకు. గ్లాసులో నీళ్ళు పోసి స్ట్రా పెట్టి బుడగలు ఆగకుండా ఊదు. ముక్కుతో పీల్చే ఆ అర సెకండులో బుడగలు ఆగిపోతాయి, అక్కడే ఉంది కిటుకంతా. ఆగకుండా వచ్చినప్పుడు సాక్సు మీదికి రా, అదీ పై స్వరాలతో. కింది స్వరాలు గాలి ఎక్కువ తాగుతాయి.

మూడు గొంతుల సంగతి. సాక్సులో అన్నిటికంటే కింది స్వరం బి ఫ్లాట్‌కు వేళ్ళన్నీ మూసిపెట్టు. వేళ్ళు కదపకు. గొంతు, నాలుక మాత్రం మార్చుతూ ఊదితే అదే గొట్టంలోంచి పై షడ్జమం, దాని పైన పంచమం, మళ్ళీ షడ్జమం, ఆపైన గాంధారం పలుకుతాయి. క్లారినెట్ అయితే మొదటి దుముకులోనే షడ్జమం దాటేసి పంచమానికి పోతుంది, సాక్సు లోపల శంఖంలా వెడల్పవుతూ పోతుంది కాబట్టి వరసగా పలుకుతుంది. ఒక స్వరానికీ పై స్వరానికీ మధ్య గాలిని ఎటూ పోనివ్వకుండా పట్టి ఉంచితే రెండూ కలిసి చిరిగినట్టు మోగుతాయి. అది తప్పని మనకు చిన్నప్పుడే చెవి మెలేసి చెప్పారు. వీళ్ళు ఆ తప్పును ఆపకుండా, అది ఎక్కడికి పోతుందో చూశారు.

రాగం_తానం:

బాబూ, నేను సంగీతం పాఠాలు చెప్పేవాణ్ణి, ముప్ఫై ఏళ్ళ పైమాట. నిరుత్సాహపరుస్తున్నానని అనుకోవద్దు. అప్పటికప్పుడు కల్పించి వాయించడం మనకు కొత్త కాదు. ఆలాపన ఉంది, నెరవల్ (పాటలో ఒకే పాదాన్ని రకరకాలుగా మలచడం) ఉంది, కల్పనస్వరాలున్నాయి. అందులో స్వేచ్ఛకు అర్థం ఉంది, ఎందుకంటే రాగం హద్దు గీసింది, తాళం లెక్క అడుగుతోంది. హద్దే లేని చోట దాటడం ఏముంటుంది? ఎవరైనా ఏదైనా ఊది ఇది స్వేచ్ఛ అంటే కాదనడానికి కొలబద్ద ఏది?

మీరు కద్రి గారి పేరు ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. ఆయన నాదస్వర విద్వాంసుడి కొడుకు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో ఈ వాద్యం విని మోజుపడి, గమకం పలకని మీటల వాద్యం మీద గమకం పలికించడానికి ఏళ్ళు అరగదీశారు, వాద్యాన్నే కొంత మార్పించుకున్నారు. 1994లో లండన్‌లో ప్రామ్స్ అనే పెద్ద సంగీతోత్సవంలో వాయించారు. ఆయన హద్దు వదిలేసి గొప్పవాడు కాలేదు. ముందు ఒక రాగం కడదాకా పట్టుకోండి, తరువాత వదలడం గురించి మాట్లాడుకుందాం.

జమ్మికుంట_టు_లండన్:

సార్ అన్నదాంట్లో సగం ఒప్పుకుంటా, మిగతా సగం మీద కొట్లాట ఉంది.

నేను ఇక్కడ ఉద్యోగానికొచ్చి పదేళ్ళు. లండన్‌లోనే డాల్స్టన్‌లో కేఫ్ ఓటో అని ఒక చోటుంది, 2008 నుంచి నడుస్తోంది, ఇలాంటి సంగీతానికి అడ్డా అది. పార్కర్‌ను అక్కడ విన్నా. ముందు వరసలో కూర్చుంటే చప్పుడు ఆయన దగ్గర్నుంచి కాకుండా నా చెవి లోపలే పుడుతున్నట్టు అనిపించింది, ఆ పై స్వరాలు ఒకదాన్నొకటి గీరుకోవడం వల్ల. ఆయన 1944లో పుట్టాడు, మొదటి సోలో కచేరీలు 1975 నాటివి. కుర్రప్పుడు జాన్ కోల్ట్రేన్ అనే అమెరికా జాజ్ సాక్సు ఆయనంటే పిచ్చి. ఆ కోల్ట్రేన్‌కేమో మన సంగీతమంటే పిచ్చి, కొడుక్కి రవిశంకర్ పేరు మీద రవి అని పేరు పెట్టుకున్నాడు. కాబట్టి తమ్ముడూ, నువ్వు ఫోన్‌లో చూసి ఎక్కడిదో అనుకున్నదాంట్లో మన గాలి కొంత తిరిగి తిరిగి పోయి కలిసే ఉంది.

ఇప్పుడు నీ నాలుగు నిమిషాల సంగతి. ఆంథొనీ బ్రాక్స్టన్ అని చికాగో ఆయన, ఒక్క ఆల్టో సాక్సుతోనే రికార్డు మొత్తం నింపిన మొదటి మనిషి. 1969లో రికార్డు చేసి 1971లో విడుదల చేశారు, రెండు ఎల్‌పీలు. అంతకు ముందు కోల్మన్ హాకిన్స్ అనే ఇంకో సాక్సు ఆయన 1948లో తోడు లేకుండా ఒక ముక్క వాయించాడు కానీ అది కొద్ది నిమిషాలదే. ఈ బ్రాక్స్టన్ తొలిసారి జనం ముందు ఒంటరిగా నిలబడ్డప్పుడు కాసేపటికే చేతిలో ఉన్నదంతా అయిపోయి, వాయించిందే మళ్ళీ వాయిస్తున్నానని తెలుసుకున్నాడట. అచ్చం నీలాగే! దాంతో కూర్చుని తన చప్పుళ్ళను రకాలుగా విడదీసుకున్నాడు, పన్నెండు రకాలు. కదలకుండా నిలిపే స్వరం ఒకటి, ఒత్తి పట్టి నిలిపేది ఒకటి, ట్రిల్లులు (పక్కపక్క రెండు స్వరాల మధ్య గబగబా ఊగడం), చిరిగే స్వరాలు, పొట్టి దెబ్బలు, ఎగుడుదిగుడు దుముకులు, జారుడు, ఇలా. ఒక ముక్క వాయించేటప్పుడు వాటిలో ఒకటో రెండో తీసుకుని మిగతావాటిని ముట్టడు.

సార్ అడిగిన హద్దు ఇదే కదా? రాగం గీసిన హద్దు కాదు, ఆయన గీసుకున్నది. అందుకే విన్నవాటిని మర్చిపోవాలి అన్న మాట ముందు పక్కన పెట్టు. మర్చిపోవాలని కూర్చుంటే బరాత్ పాటే గుర్తొస్తుంది, కోతి మందు కథ తెలుసు కదా. "పాట రాకూడదు" అని కాకుండా "ఇవ్వాళ పొట్టి దెబ్బలు మాత్రమే" అనుకో. పాట వాయించడానికి అందులో చోటే ఉండదు. పది నిమిషాలు పొట్టి దెబ్బలతో గడిపి చూడు. ఆరో నిమిషంలో చచ్చేంత విసుగొస్తుంది, ఏడో నిమిషంలో ఏదో ఒకటి దొరుకుతుంది. నేను గిటారు మీద చేస్తా, నాకు దొరికేది తక్కువే అనుకో.

ఇంకో మాట. ఆ బ్రాక్స్టన్ రికార్డులో ముక్కలకు పేర్లుండవు, ఒక్కొక్కటి ఒక్కొక్కరికి అంకితం. ఒకటి స్వరకర్త జాన్ కేజ్‌కు, ఒకటి పియానో వాయించే సెసిల్ టేలర్‌కు. ఎవరి ప్రభావం ఉందో దాచుకోలేదు, అట్ట మీదే రాసి పెట్టాడు. సొప్రానో వాయించే స్టీవ్ లేసీ సంగతి ఇంకా తమాషా. ఏళ్ళకేళ్ళు థెలోనియస్ మంక్ అనే జాజ్ పియానో ఆయన పాటల్నే నమిలాడు, 1958లోనే మొత్తం మంక్ పాటలతో ఒక రికార్డు చేశాడు, 1972 నాటికి ఫ్రాన్స్‌లో అవిన్యాలో ఒంటరిగా సొప్రానో పట్టుకుని కచేరీ చేస్తున్నాడు. లేసీ మంక్ పాట వాయించకపోయినా వినేవాడికి ఆ ఎముకలు తెలుస్తాయి. మంక్ నోట్ల మధ్య వదిలే ఖాళీ ఉంటుందే, అది.

ఇటు గిటారు మనిషి డెరెక్ బెయిలీ ఉన్నాడు, 1980లో ఇంప్రొవైజేషన్ (అప్పటికప్పుడు కల్పించి వాయించడం) మీద పుస్తకం రాశాడు, అందులో మన సంగీతం గురించీ ఉంది. ఏ బాణీకీ చెందని వాయింపు అని ఒక మాట పట్టుకుని జీవితమంతా దాని వెంట పడ్డాడు. చివరికి ఏమైంది? రెండు సెకండ్లు వింటే చాలు, "ఇది బెయిలీ" అని చెప్పేయొచ్చు. బాణీ వద్దన్నవాడి బాణీ అన్నిటికంటే సులువుగా గుర్తుపట్టేలా తయారైంది. నాకు ఆయనంటే ప్రాణం కానీ ఈ సంగతిలో మాత్రం నవ్వొస్తుంది.

పక్కింటాయన:

సంగీతం సంగతి నాకు తెలియదు, నేను శ్రోతల పక్షం. డాబా మీద పొద్దున ఎన్నింటికి మొదలుపెడుతున్నావో చెప్పలేదు. పొట్టి దెబ్బలు పది నిమిషాలట! చుట్టుపక్కల పరీక్షలకు చదివే పిల్లలుంటారు, నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నవాళ్ళుంటారు. సోనీ రోలిన్స్ అని సాక్సు వాయించే పెద్దాయన గురించి ఎక్కడో చదివా, 1959 నుంచి 1961 దాకా కచేరీలు మానేసి న్యూయార్క్‌లో విలియమ్స్‌బర్గ్ బ్రిడ్జి మీదికి పోయి సాధన చేసుకున్నాడట, ఇంట్లో వాయిస్తే పక్కవాళ్ళకు ఇబ్బందని. అంత పెద్దాయనే పక్కింటివాళ్ళ గురించి ఆలోచించాడు. కాజీపేట బ్రిడ్జి ఖాళీగానే ఉంటుంది. (ఉండదు, ఊరికే అన్నా.)

ఆల్టో_హన్మకొండ:

పక్కింటాయన గారూ, నిజంగా మా పక్కింట్లోనే ఉంటే చెప్పండి, ఇంటికొచ్చి క్షమాపణ చెప్తా.

సన్నాయి అన్నా, స్ట్రా పని చేస్తున్నా. బుడగలు ఆగకుండా పది సెకండ్లు వస్తున్నాయి, తర్వాత నవ్వొచ్చి నీళ్ళు ముక్కులోకి పోతున్నాయి. బి ఫ్లాట్ పట్టి పంచమం దాకా పలుకుతోంది, పైన షడ్జమం ఎప్పుడో ఒకసారి. రెండున్నర రీడు తెచ్చా. లండన్ అన్నా, పొట్టి దెబ్బలు చేశా. మీరు ఆరో నిమిషం అన్నారు, నాకు రెండో నిమిషంలోనే విసుగొచ్చింది. కానీ పాట రాలేదు, అది నిజం. రాగం సార్, మీరన్నది కూడా మనసులో పెట్టుకున్నా. మోహనం ఒక్కటే రోజూ గంట వాయిస్తున్నా.

ఒక సందేహం. రకాలుగా విడదీస్తే పాట రావడం లేదు సరే, కానీ అప్పుడు నేనెక్కడున్నా అందులో? వాళ్ళ లిస్టు నేను చదువుతున్నట్టుంది.

ఖిలా_పిల్లోడు:

బ్రో, లిస్టు వాళ్ళదైతే నీ లిస్టు నువ్వు రాసుకో. బరాత్‌లో ఏడేళ్ళు నడిచినోడివి. ఊరేగింపు మూల తిరిగినప్పుడు డ్రమ్ములు ముందుకు పోయి నీ చప్పుడు ఒక్కటే గోడకు కొట్టుకుని తిరిగొస్తుంది కదా, అది రాసుకో. జనరేటర్ ఆగి కరెంటు పోయి అందరూ ఒక్కసారి ఆగిపోతారు, నువ్వొక్కడివే ఒక స్వరం పట్టుకుని ఉంటావు, అది రాసుకో. గుర్రం బెదిరినప్పుడు పెద్దమనిషి చెయ్యి ఊపితే సగంలో ఆపుతారు, అదీ. అవి లండనోళ్ళ దగ్గర లేవు.

ఇంకోటి, ఐనవోలు జాతరకు పోయి ఒగ్గు కథ విను, ఈసారి సాక్సోఫోన్ చెవులతో. ప్రధాన కథకుడు ఒక్కడే మల్లన్న అవుతాడు, మరుక్షణం ఆడగొంతుతో ఇంకొకరు అవుతాడు, మధ్యలో తనే ఆపి వంతవాడితో మాట్లాడతాడు, ఎక్కడ సాగదీయాలో ఎక్కడ డోలుకు వదిలేయాలో జనం మొహాలు చూసి అప్పటికప్పుడు తేల్చుకుంటాడు. చుక్క సత్తయ్య గారి వీడియోలు ఉంటాయి చూడు. నీ సాక్సులో కింది గొంతు ఒక మనిషి, పై గొంతు ఇంకో మనిషి అనుకుని వాళ్ళిద్దర్నీ మాట్లాడించు. పాట అవసరమే లేదు, కథ కూడా అవసరం లేదు. ఒకడు అడుగుతాడు, ఇంకొకడు సరిగ్గా జవాబు చెప్పడు, అంతే.

జమ్మికుంట_టు_లండన్:

ఖిలా తమ్ముడు భలే పట్టుకున్నాడు. గోడ సంగతి ఎత్తాడు కాబట్టి జాన్ బుచర్ గురించి చెప్పాలి. ఆయన ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేసి అది వదిలేసి సాక్సు పట్టాడు. 2006లో స్కాట్లండ్ అంతా తిరిగి ఖాళీ నీళ్ళ ట్యాంకులో, స్మూ గుహలో, హామిల్టన్‌లో రాతి సమాధి మందిరంలో ఒంటరిగా వాయించాడు. ఆ మందిరంలో ఒక స్వరం ఊదితే చాలాసేపు చావదు. అలాంటి చోట గబగబా వాయిస్తే అంతా బురద. కాబట్టి ఒకటి ఊది, అది తిరిగొచ్చేదాకా ఆగి, దాని మీద ఇంకోటి పెట్టాలి. అంటే ఏం వాయించాలో ఆయన ఒక్కడే తేల్చలేదు, గది కూడా తేల్చింది. నీకు తోడు లేదన్నావు చూడు, గదే తోడు. ఇంట్లో పరుపులు, చీరలు ఉన్న గది చప్పుడును మింగేస్తుంది, అక్కడ పొట్టి దెబ్బలు బాగుంటాయి. మెట్లబావిలాంటి చోట నిలిపే స్వరాలు బాగుంటాయి. పురావస్తు శాఖ వాళ్ళు చూసుకునే చోట్లలో మాత్రం అడగకుండా మొదలుపెట్టకు, కేసవుతుంది.

రాగం_తానం:

మోహనం రోజూ గంట అన్నారు, సంతోషం. స్వరం తిరిగి వచ్చేదాకా ఆగడం అన్న మాట నాకు నచ్చింది, ఆలాపనలో మా గురువుగారు కొట్టి మరీ నేర్పింది అదే. మిగతా విషయాల్లో నా అభిప్రాయం మారలేదు. ఆ పార్కర్ గారిది పది నిమిషాలు విన్నాను. ఊపిరి మీద పట్టుకు దండం పెట్టాను. అయిపోయాక ఒక్క ముక్క కూడా నోట్లో మిగలలేదు, అది మాత్రం నాకు లోటే.

సన్నాయి_మనవడు:

సార్, మా తాత ఒత్తు కూడా ఎవరి నోట్లోనూ మిగల్లేదు. అది ఆగిపోయినప్పుడే పందిట్లో అందరూ తలెత్తి చూసేవాళ్ళు.

ఆల్టో_హన్మకొండ:

చాలా రోజులైంది, శ్రావణం మొదలై ఊపిరాడలేదు. ఒకటి జరిగింది, చెప్పాలనిపించింది.

మొన్న మా దగ్గర్లో ఒక ఫంక్షన్ హాల్లో పెళ్ళి. అప్పగింతలు అయిపోయాయి, మా చిన్నాయన పైసల కోసం పెళ్ళికొడుకు మేనమామ వెంట తిరుగుతున్నాడు, ఆయనేమో ఫోన్ ఎత్తడం లేదు. మావాళ్ళు బయట వ్యాన్‌లో డ్రమ్ములు ఎక్కిస్తున్నారు. హాలు ఖాళీ. కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేర్చేశారు, కార్పెట్ చుట్టేశారు, పొద్దున అంత జనంలో అసలు వినబడని గోడ ఇప్పుడు నేను దగ్గితే దగ్గుతోంది. వెనక వంటవాళ్ళు గుండిగలు కడుగుతున్నారు.

సాక్సు మెడలోనే ఉంది. కింది బి ఫ్లాట్ పట్టి నెమ్మదిగా ఊదా, ఆపా. తిరిగొచ్చింది. మళ్ళీ ఊదా, ఈసారి పంచమం చిరిగింది, దాన్ని అట్లాగే పట్టుకున్నా. వెనక ఒక గుండిగ కింద పడింది, పెద్దగా, గంట కొట్టినట్టు. ఖిలా బ్రో చెప్పిన ఇద్దరు మనుషుల్లో రెండోవాడు దొరికాడనిపించి దానికి జవాబిచ్చా, పొట్టి దెబ్బ. ఇంకో గుండిగ. ఇంకో దెబ్బ. వాళ్ళకు నేను వాయిస్తున్నట్టు తెలుసో లేదో తెలియదు, స్టీలు పీచు రుద్దే చప్పుడు కూడా వస్తోంది, దానికి ఊపిరి మాత్రమే ఊదా, స్వరం లేకుండా. మధ్యలో ఒకసారి అప్పగింతల పాట మొదటి మూడు స్వరాలు వచ్చాయి. ఈసారి పక్కకు లాగలేదు. మూడు వాయించి నాలుగోది వాయించకుండా ఆపా. నాలుగోది వాయించనందుకు మొత్తం హాలు దానికోసం ఆగినట్టుంది, లేకపోతే నాకే అట్లా అనిపించిందేమో.

ఊడ్చే ఆమె చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "పాడైందా బిడ్డా?" అంది. లేదమ్మా అన్నా. "మరి ఇంకొంచెం వాయించు, నేను ఈ పక్క ఊడ్చుకుంటా" అని లోపలికొచ్చింది.

టైమర్ పెట్టుకోలేదు. చిన్నాయన వచ్చి సగం పైసలే ఇచ్చాడని తిడుతున్నప్పుడు ఫోన్ చూస్తే ఇరవై నిమిషాల పైనే అయింది. స్ట్రా మాత్రం ఇంకా పదిహేను సెకండ్ల దగ్గరే ఆగిపోతోంది సన్నాయి అన్నా, దానికేమైనా చెప్పు.